పెద్ద ఫిడేలు మోసినవాడు

ఆ ఎండాకాలం నూలు దొరక్క నస్పూర్‌లో మా సాలెవాడ మొత్తం చప్పుడు లేకుండా పడి ఉంది. మా ఇంట్లో మగ్గం గుంటలో కోడి పొదిగింది. నా తమ్ముడు కొమురెల్లి పొద్దున్నే లేచి అలవాటుగా మగ్గం దాకా పోయేవాడు. కోడి రెక్కలు విప్పి మీదికి వస్తే నవ్వుకుంటూ వెనక్కి వచ్చేవాడు. వాడి భార్య బాలవ్వకు అప్పుడు నాలుగో నెల.

నా భర్త రామచంద్రం అడవి నుంచి కొత్త కబురుతో వచ్చింది ఆ రోజుల్లోనే.

అతని సంగతి కొంత చెప్పాలి. సిరిసిల్ల సాలెవాళ్ల బిడ్డ. చిన్నతనంలోనే మగ్గం ఇష్టం లేక హైదరాబాదు పారిపోయి నిజాం ఫౌజు బ్యాండులో చేరాడు. అక్కడ ఒక గోవా మాస్టరు అతనికి చెల్లో నేర్పాడు. చూడటానికి ఫిడేలు లాగే ఉంటుంది కానీ పొడుగు మనిషి రొమ్ము దాకా. నేల మీద నిలబెట్టి, మోకాళ్ల మధ్య పట్టుకుని కమాను లాగాలి. పోలీసు యాక్షన్ తర్వాత ఫౌజూ పోయింది, బ్యాండూ పోయింది. సామానంతా హర్రాజు వేస్తే అతను చెల్లోను వేలంపాటలో దక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. నస్పూర్‌లో అందరూ దాన్ని పెద్ద ఫిడేలు అన్నారు. పెళ్లిళ్లకు మాత్రం ఒక్కరూ పిలవలేదు. "డోలు సన్నాయి ఉండంగ గీ ఏడుపెందుకు పెండ్లింట్ల" అనేవాళ్లు.

ఇంట్లో వాయించడం అతనికీ నచ్చేది కాదు. "గోడలు మింగుతున్నయి" అనేవాడు. గోదావరి ఇసుకలోకి పోయేవాడు. గుట్టలు ఎక్కేవాడు. రాళ్లు పట్టుకుని పైకి పాకడమన్నా, సుడుల్లో ఈదడమన్నా అతనికి వాయించడమంత ఇష్టం. రెండూ ఒక్కచోట కుదిరితే ఆ పూట అన్నం కూడా అడిగేవాడు కాదు. ఆ ఫిడేలు పెట్టె మోసుకుంటూ వెనక కొమురెల్లి పోయేవాడు. మాకు పిల్లలు లేరు, మేము తమ్ముడి ఇంట్లోనే ఉండేవాళ్లం. అవ్వ, బాపు పోయినప్పుడు వాడు ఇంకా నా చంక దిగలేదు. నేనే పెంచాను. వాడికి బావ అంటే ప్రాణం.

కడెం వాగు ఒడ్డున ఒక బండ మీద కూర్చుని వాయిస్తుంటే బొంబాయి షికారు కంపెనీ మేనేజరు ఖరే సాబు విన్నాడట. దొరలను వేటకు తెచ్చి అడవి తిప్పే కంపెనీ అది.

"కుంటాల జలపాతం కాడ డేరాలేసిండ్రు" అన్నాడు రామచంద్రం, గడపలోనే నిలబడి. "పొద్దంత ఆల్ల షికారు. పొద్దుగూకంగ నా వాయింపు. రోజుకొక గుట్ట ఎక్కాలె, మీద కూసోని వాయించాలె. దొరలు ఎక్కొస్తరు, ఇంటరు. గిసొంటి కొలువు దేశంల ఎవ్వలికన్న ఉన్నదా చెప్పు?"

"గా అడవిల పులులుంటయట గద అన్నా" అన్నది బాలవ్వ.

"ఉండనీ" అన్నాడు కొమురెల్లి. "నా ఈపు మీది పెట్టె జూసి పులే ఉరుకుతది."

అందరం నవ్వాము. డేరాల్లో వంటకు మనిషి కావాలన్నారని నేనూ బయలుదేరాను. బాలవ్వకు తోడుగా వాళ్లవ్వ వచ్చింది. మంచిర్యాల్లో బస్సెక్కేముందు బాలవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"వదినె, ఈయన బావ ఏమంటే గది జేస్తడు. జర జూడు."

"నేనుంట గద" అన్నాను.

కుంటాల దగ్గర ఆ నెలన్నర బాగా గడిచిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. టేకాకులు రాలి అడవి దూరదూరం దాకా కనిపించేది. సాయంత్రం ఎండ మెత్తబడగానే రామచంద్రం చెప్పులు విప్పి గుట్ట ఎక్కేవాడు. దొరలు, దొరసానులు బూట్లు జారుతుంటే కేకలు పెడుతూ వెనక వచ్చేవాళ్లు. అందరి వెనక, పెట్టె వీపుకు రెండు బెల్టులతో కట్టుకుని, ముందుకు వంగి కొమురెల్లి. పైన చదునైన బండ దొరకగానే రామచంద్రం కూర్చునేవాడు. కమాను తీగ మీద పెట్టిన మొదటి క్షణంలో ఆ శబ్దం నా కడుపులోంచి వస్తున్నట్టు ఉండేది. ఇంట్లో విన్నదానికీ దీనికీ పోలిక లేదు. లోయ అవతలి నుంచి అది మళ్లీ తిరిగి వచ్చేది. అతను దానికోసం ఆగి, అది వచ్చాక దానికి జవాబుగా ఇంకోటి వాయించేవాడు. అతను చెప్పిన గోడల మాట నాకు అక్కడ అర్థమైంది.

మధ్యాహ్నాలు డేరాలు నిద్రపోయేటప్పుడు కొమురెల్లి చేత కూడా కమాను పట్టించేవాడు.

"తీగె మగ్గం మీది పడుగు లెక్కనే బిగిసున్నది బావా" అన్నాడు వాడు ఒకసారి, మీటి చూసి.

"సాలోని చెయ్యి గద, గట్లనే తెలుస్తది" అని రామచంద్రం మురిసిపోయాడు. "నాకు బొంబాయిల నౌకరి దొరకనీ. నిన్ను గూడ తీస్కపోత. ఇద్దరం హిమాలయం ఎక్కుదాం."

"ఎక్కి?"

"ఎక్కి వాయిద్దాం. ఇంకేంది?"

కొమురెల్లి నా వైపు చూసి కళ్లెగరేశాడు. వాడికి హిమాలయం ఎక్కడుందో తెలియదు. బావ ఉన్నచోట తానుంటానని తెలుసు.

రోహిణి ఎండలు ముగిసే వేళకు షికారు కూడా ముగింపుకు వచ్చింది. చివరి జట్టులో ఫెర్నాండిస్ మాస్టరని ఒకాయన వచ్చాడు. బొంబాయిలో పెద్ద వాద్యబృందం నడుపుతాడట. వెంట ఒక ఫోటో తీసేవాడు. రామచంద్రం వాయింపు విని మాస్టరు అతని భుజం మీద చెయ్యి వేసి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆ రాత్రి రామచంద్రం అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మరిచిపోయాడు.

"ఒక్క జాగ ఖాళీ ఉన్నదంట" అన్నాడు నాతో. "వాయించెటోల్లు బొంబాయిల శానమంది ఉన్నరు. జలపాతం నడుమ, అడవుల గుట్టల వాయించెటోడు నేనొక్కన్నే. ఆ ఫోటో ఒకటి పడాలె అంటున్నడు మాస్టరు. పేపర్లల్ల ఏపిస్తడట."

మరునాడు పొద్దున మబ్బు తునక లేదు. వాగుకు ఎగువన బోథ్ వైపు మాత్రం ఆకాశం అంచు నల్లగా ఉంది. కుంటాల దగ్గర కడెం వాగు మొదటి మెట్టు దూకే ముందు బండల మీద పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఒక పెద్ద బండ ఉంది. ఎండాకాలం కాబట్టి నీళ్లు మడమలు కూడా ముంచడం లేదు. అయినా పాచికి కాలు జారుతుందని ఒడ్డున చెట్టుకు ఒక తాడు కట్టి, రెండో కొస బండకు బిగించారు. రామచంద్రం, కొమురెల్లి పెట్టెతో బండ మీదికి పోయారు. ఫోటో ఆయన, మాస్టరు, ఖరే సాబు ఒడ్డున నిలబడ్డారు. నేను చాయ్ కేటిలి పట్టుకుని వాళ్ల పక్కన ఉన్నాను.

రామచంద్రం వాయించాడు. ఫోటో ఆయన వంగి, పడుకుని, పక్కకు జరిగి తీస్తూనే ఉన్నాడు. అప్పుడు కొమురెల్లి వంగి నీళ్లు చూశాడు. ఎండుటాకులు గుంపుగా కొట్టుకొస్తున్నాయి.

"బావా, నీళ్లు ఎర్రవడ్డయి. పోదాం పా."

"ఇదొక్కటి అయిపోనీ."

"మీద వాన పడ్డట్టున్నది బావా."

ఒడ్డు నుంచి ఫోటో ఆయన ఇంకొకటి అన్నట్టు వేలు చూపించాడు. రామచంద్రం కళ్లు మూసుకుని చివరిదాకా వాయించాడు. ఆ తర్వాత కూడా తొందరపడలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి, కమాను వదులు చేసి, పెట్టెలో పెట్టి, కొండీలు బిగించాడు. కొమురెల్లి వీపుకు పెట్టె ఎక్కించి, తాను తాడు పట్టుకుని ముందు బయలుదేరాడు. అప్పటికే నీళ్లు మోకాళ్లు దాటాయి. ఒడ్డుకు చేరి తాడు చేతికి చుట్టుకుని గట్టిగా లాగి పట్టుకున్నాడు.

కొమురెల్లి పాయ నడుమకు వచ్చేసరికి నీళ్లు నడుములోతు అయ్యాయి. పారే నీళ్లకు పెట్టె అడ్డం పడి వాడిని పక్కకు తిప్పుతోంది. వాడు నిలబడిపోయాడు. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ఒక భుజం మీది బెల్టు తీసేశాడు. పెట్టె పక్కకు వాలింది.

వాడు తలెత్తి బావ వైపు చూశాడు.

"బావా!" అన్నాడు. అంతే.

"పెట్టె ఇడువకు!" రామచంద్రం అరిచాడు. "కొమురెల్లీ, పెట్టె ఇడువకు!"

కొమురెల్లి బెల్టు మళ్లీ భుజానికి ఎక్కించుకున్నాడు.

నేను కేటిలి పారేసి నీళ్లలోకి ఉరికాను. ఖరే సాబు నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఎగువ నుంచి ఒక మొద్దు వచ్చింది. నేను దాన్ని చూశాను, వాడు చూడలేదు. తర్వాత రామచంద్రం చేతిలో తాడు తేలికైపోయింది.

రామచంద్రాన్ని ఆ రోజు చూసినవాళ్లు ఎవరూ అతన్ని తప్పు పట్టలేరు. బండల మీదుగా కిందికి దూకుతూ పోయాడు. మడుగులో మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. గోళ్లు ఊడి చేతులు నెత్తురు కారాయి. ఖరే సాబు మనుషులు నడుముకు తాడు కట్టి పైకి లాగితే వాళ్లనే కొట్టాడు. నేను ఒక రాతి మీద కూర్చుని అన్నీ చూస్తూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా ఇద్దరు మనుషులు పెట్టె తెచ్చారు. కింద బండల సందులో ఇరుక్కుని ఉందట. ఒక బెల్టు తెగిపోయింది. రామచంద్రం పరుగెత్తి వచ్చి మోకాళ్ల మీద పడి కొండీలు విప్పాడు. లోపల ఒక మూల కొంచెం తడి. చెక్క మీద పైనుంచి కింది దాకా చెయ్యి పోనిచ్చాడు. వంకర తిరిగిందేమోనని మెడ వైపు నుంచి కన్ను పెట్టి చూశాడు.

"ఏం గాలే" అన్నాడు.

ఆ తర్వాతే ఏడ్చాడు. నేల మీద పొర్లి, జుట్టు పీక్కుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. ముందు అన్న మాట కూడా నిజమే.

తెల్లారి తమ్ముడు దొరికాడు. కంపెనీ లారీలో నస్పూర్‌కు తెచ్చాం. బాలవ్వ ఎదురు రాలేదు. మగ్గం గుంట అంచున కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోతే నా మొహంలోకి చూసి, "నేనుంట అంటివి గద వదినె" అన్నది.

దినాలు ఇంకా కాకముందే వాకిట్లో జీపు ఆగింది. రామచంద్రం నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు.

"మాస్టరు పిలుస్తుండు. ఇప్పుడు పోకపోతే ఆ జాగ ఇంకొకనికి పోతది. నువ్వు గూడ రా."

"దినాలు కానీ."

"ఆల్లు ఆగరు. నేను దినాలకు మర్లొస్త గద."

"పో" అన్నాను.

"గట్ల జూడకు శంకరీ. నా మనసుల ఏమున్నదో నీకెర్కలేదా?"

ఎరికే. జీపు డ్రైవరు పెట్టె ఎత్తి వెనక సీటు మీద పడుకోబెట్టాడు. దినాలకు రామచంద్రం రాలేదు. తలకొరివి పెట్టిన మా చిన్నబాపు అంతయ్యే అన్నీ జరిపించాడు.

ఆ వానాకాలం బాలవ్వ నన్ను మళ్లీ మళ్లీ అడిగింది. బియ్యం చెరుగుతూ అడిగేది, పొయ్యి ముందు అడిగేది. "ఆడ ఏమైంది వదినె?" నేను "నీళ్లొచ్చినయి బిడ్డా" అనేదాన్ని. కడుపుతో ఉన్న మనిషికి అంతకంటే ఏం చెప్పను? భాద్రపదం రాగానే ఆడపిల్ల పుట్టింది. కళ్ల దగ్గర అచ్చం కొమురెల్లి.

పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చి, వండి పెట్టుకునే అమావాస్య. ఆ మధ్యాహ్నం మంచిర్యాల నుంచి పైన గూడు కట్టిన కచ్చురం బండి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. రామచంద్రం దిగాడు. కొత్త కోటు, కొత్త బూట్లు. వెనక కొత్త బెల్టులు వేసిన అదే పెట్టె, దాన్ని దించడానికి మంచిర్యాల స్టేషన్‌లో మాట్లాడుకున్న ఒక కూలి.

బాలవ్వ కాళ్లకు నీళ్లిచ్చింది. అతను పిల్లను చూసి ఏడ్చాడు. మాటల మధ్య బొంబాయి సంగతులు చెప్పాడు. జలపాతం ఫోటో పేపర్లలో వచ్చిందట. చలికాలంలో కొండల మీద వాయించడానికి పిలుస్తున్నారట. మా ఇద్దరికీ అక్కడ ఒక గది చూశానన్నాడు.

"కొమురెల్లి పేరు మీద ఒక్కసారి వాయిస్త" అన్నాడు. "వద్దనకుండ్రి."

నేను లోపలికి పోబోయాను. బాలవ్వ ఆపింది.

"వాయించనీ వదినె. ఆయనకు గది ఇష్టముండె."

వాకిట్లో కూర్చుని వాయించాడు. వాడ వాడంతా వచ్చి గోడల పక్కన నిలబడ్డారు. పెళ్లిళ్లకు దాన్ని ఏడుపన్నవాళ్లే ఆ రోజు తలలు వంచుకుని విన్నారు. ముసలి ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. బాలవ్వ పిల్లను రొమ్ముకు అదుముకుని కదలకుండా కూర్చుంది. అతని చెయ్యి ఎప్పటికంటే మెత్తబడింది. బాగా వాయించాడు. ఎక్కడైనా ఒక తప్పు దొర్లితే బాగుండునని నేను ఎదురుచూశాను. దొర్లలేదు.

అయిపోయాక బాలవ్వ అడిగింది.

"అన్నా, ఆడ ఏమైందో నువ్వన్న చెప్పు. వదినె చెప్తలే."

రామచంద్రం నా వైపు చూడలేదు. నలుగురూ వింటున్నారు.

"ఏం జెప్పాలె బిడ్డా. నీళ్లల్ల ఉండంగ మొత్తుకున్న. పెట్టె ఇడువు, తాడు పట్టుకో అన్న. ఇనలే వాడు. బావ ఫిడేలు పోతదని పానం ఇడిసిండు గని పెట్టె ఇడువలే. గసొంటి మనిషి మల్ల పుడ్తడా?"

"పిచ్చోడు" అన్నారు ఎవరో వెనక నుంచి, జాలిగా. "బావంటే అంత ప్రేమ, అంత పావురం." ఐలవ్వ ఔనన్నట్టు తల ఊపింది. అంతయ్య చిన్నబాపు కూడా ఊపాడు.

చచ్చినవాడి తప్పుగా అది అక్కడే ఖాయమైపోతోంది. రేపటి నుంచి ఆ పిల్లకు అందరూ అదే చెప్తారు, మీ బాపు చెక్కపెట్టె కోసం తనంతట తానే పోయాడని.

"వాడు ఒక బెల్టు తీసిండు" అన్నాను.

రామచంద్రం తలెత్తాడు.

"ఒక బెల్టు తీసి నీ దిక్కు జూసిండు. బావా అన్నడు. ఇడువు అంటె రెండోది గూడ తీస్తుండె. నువ్వు ఇడువుమంటే మరి తీసిన బెల్టు మల్ల భుజానికెందుకు ఎక్కిచ్చుకున్నడు?"

రామచంద్రం నోరు తెరిచాడు.

"నీళ్ల సప్పుడుల..." అన్నాడు. "శంకరీ, నేనేమన్ననో నాకే..."

"నాకెర్కే. నేను పక్కనే ఉన్న."

అతను కమాను వదులు చేయసాగాడు. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బండి కూలి కూడా గల్లీ చివరకు పోయి నిలబడ్డాడు.

బాలవ్వ లేచి పిల్లను నా ఒళ్లో పెట్టింది. లోపలికి పోయి విస్తరాకు తెచ్చి అతని ముందు వేసింది. అన్నం, గుమ్మడికాయ కూర, గారెలు వడ్డించింది.

"తిను అన్నా."

"నాకు సయించదు బాలవ్వా..."

"ఆయన పేరు మీద వండిన. పెత్రమాస నాడు ఇంటికొచ్చినోల్లు తినకుంట పోవద్దు. తిను."

రామచంద్రం తిన్నాడు. ప్రతి ముద్దా మింగలేక మింగాడు. బాలవ్వ ఎదురుగా నిలబడి, విస్తరి ఖాళీ అయ్యేదాకా చూసింది. చెయ్యి కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు కూడా తానే పోసింది.

"ఇగ ఈ ఇంటికి రాకు" అన్నది.

అతను నా వైపు చూశాడు. నేను పిల్లను భుజాన వేసుకుని జోకొట్టాను. బండెక్కాక నాకోసం జాగా ఉంచాడు కాబోలు, కొంతసేపు పక్కకు ఒత్తిగిలి కూర్చుని ఉన్నాడు. తర్వాత బండి కదిలింది.

దీపావళి దాటాక నూలు వచ్చింది. ఆడవాళ్లు మగ్గం గుంటలోకి దిగితే వాడలో మొదట నవ్వారు. నేను దిగాను. బాలవ్వ కండెలు చుట్టింది. పిల్లకు ఊహ తెలిసే వేళకు మా మగ్గం మళ్లీ మామూలుగా ఆడుతోంది. మీ బాపు ఎట్లా పోయాడని అది అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను.

రామచంద్రానికి పేరు వచ్చింది. మంచు కొండల మీద, సముద్రం నడుమ రాళ్ల మీద, ఎక్కడెక్కడో వాయించాడట. రేడియోలో అతని గురించి చెప్పారట. కరీంనగర్ నుంచో కాగజ్‌నగర్ నుంచో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు నాకు సంతోషం కలిగిద్దామని ఆ సంగతులు మోసుకొస్తారు. ఒకాయన నాసిక్ దగ్గర ఏదో కోట మీద కళ్లారా చూశానన్నాడు. నిటారు మెట్లట, పైన చలిగాలట, అంత ఎత్తున రామచంద్రం వాయిస్తుంటే ఒళ్లు జలదరించిందట.

"పెట్టె ఎవలు మోసిండ్రు?" అని అడిగాను.



"అది జూడలేదమ్మా" అన్నాడు.